పచ్చడి సీసా మీద అమ్మ పేరు, గుమ్మంలోకి లాయరు నోటీసు

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం చెబుతాను. 2011 వేసవిలో వాళ్లమ్మగారు ఇంట్లోనే ఆవకాయ, మాగాయ, నిమ్మకాయ పెట్టి, సీసాల మీద తన పేరే అచ్చు వేయించి, పక్కన ‘రుచులు’ అని చేర్చి అమ్మడం మొదలుపెట్టారు. కాశీనగర్, గుణుపురం, బరంపురం దుకాణాలకూ, సరిహద్దు దాటి పాతపట్నం, టెక్కలికీ సరుకు వెళ్తోంది. 2018లో కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి తోడయ్యాయి. 2019 నుంచి వ్యాపారం తమ్ముడు చూస్తున్నాడు, జీఎస్టీ అతని పేరు మీదే ఉంది. 2023లో ఒక ఏజెంటు ద్వారా అతనే ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు పెట్టాడు. దరఖాస్తు నంబరు రాగానే ఐదు వేల కవర్ల మీద పేరు పక్కన వలయంలో ఆర్ గుర్తు (®) కొట్టించారు.

ఇప్పుడు విశాఖకు చెందిన ఒక సంస్థ నుంచి నోటీసు వచ్చింది. అదే పేరు వాళ్లకు 29 (పచ్చళ్లు), 30 (పొడులు) క్లాసులు, అంటే సరుకుల తరగతులు, రెండింటిలోనూ రిజిస్టరై ఉంది. 2019లో దరఖాస్తు పెట్టారు, 2014 నుంచి వాడుతున్నామని అందులో రాశారు. పదిహేను రోజుల్లో పేరు తీసేసి నష్టపరిహారం కట్టాలని, లేదంటే సివిల్ దావాతో పాటు పోలీసు కేసు కూడా పెడతామని బెదిరింపు. తమ్ముడి దరఖాస్తు మీద అభ్యంతరం కూడా వేశారు. ఒక ఆన్‌లైన్ అంగడి వీళ్ల సరుకును అప్పటికే తీసేసింది. ‘నా పేరు నేను పెట్టుకోవడానికి వాళ్లెవరు’ అని అమ్మ. ‘అప్లై చేసింది నేను, పేరు నాది, నేను చూసుకుంటాను’ అని తమ్ముడు. ‘పేరు మార్చేస్తే పీడ పోతుంది’ అని ఈమె భర్త. ‘ముగ్గురి మధ్యా నలుగుతున్నాను, పాత కాగితాలు సగం తిత్లీ తుపానులో తడిసిపోయాయి, ఏం చెయ్యమంటారు’ అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా తొందరపడాల్సిన విషయాన్ని మీరు చివరి పేజీలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. తమ్ముడి దరఖాస్తు మీద వచ్చిన అభ్యంతరం నకలును ఏజెంటు వాట్సాప్‌లో పంపి పది రోజులైందన్నారు. ఏజెంటు పంపిన రోజుతో పని లేదు. దరఖాస్తులో ఏ ఈమెయిల్ ఇచ్చారో దానికి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ (మార్కులు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం) నుంచి నకలు చేరిన రోజు నుంచి రెండు నెలల్లో ప్రతివాదన పత్రం, అంటే ఆ అభ్యంతరానికి జవాబు, వేయాలి. గడువు పొడిగించే వీలు లేదు. దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే అని ట్రేడ్‌మార్క్ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. మీరు జతచేసిన ఫొటోలో మెయిల్ తేదీని బట్టి చూస్తే ఇప్పటికే నలభై రోజులు గడిచాయి. లాయరు నోటీసులోని పదిహేను రోజులు మాత్రం ఏ చట్టంలోనూ లేవు, వాళ్లు వేసుకున్న గడువది. భయం దానికి పడుతున్నారు, పడాల్సింది దీనికి.

అయితే ఆ ప్రతివాదన వేయాలా వద్దా అన్నది కూడా తేల్చుకోవాల్సిన ప్రశ్నే. దానికి ముందు మీ బలం ఎక్కడుందో, ఎక్కడ లేదో చూద్దాం.

‘వాళ్లకు రిజిస్ట్రేషన్ ఉంది, మాకు లేదు, కాబట్టి ఓడిపోయాం’ అని మీ వారు అనుకుంటున్నారు. అది తప్పు. 34వ సెక్షన్ ప్రకారం, మార్కు రిజిస్టరు చేయించుకున్నవాడు తనకన్నా ముందు నుంచి ఆ పేరును ఎడతెగకుండా వాడుతున్నవాణ్ని ఆపలేడు. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా కేసులో 2015లో సుప్రీంకోర్టు కూడా ముందు నుంచి వాడుతుండటానికి, అంటే ముందువాడకానికే, రిజిస్ట్రేషన్ కన్నా బలం ఎక్కువని చెప్పింది. కానీ ఆ సెక్షన్లో మూడు మెలికలు ఉన్నాయి. మీ ఇంటి గొడవ మొత్తం ఆ మూడింటిలోనే ఉంది.

మొదటిది తేదీ. అవతలివాళ్లు మొదట వాడిన తేదీ, వాళ్ల రిజిస్ట్రేషన్ తేదీ, ఈ రెండింట్లో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచి మీ వాడకం ఉండాలి. రిజిస్ట్రేషన్ తేదీ అంటే దరఖాస్తు పెట్టిన తేదీయే, అంటే 2019. వాడకం 2014 అని వాళ్లు రాసుకున్నారు. రాసుకోవడం వేరు, రుజువు చేయడం వేరు. వాళ్లు 2014ను నిలబెట్టుకుంటే మీరు 2011 నుంచి 2014 వరకు రుజువు చూపాలి. నిలబెట్టుకోలేకపోతే 2019కి ముందు వాడినట్టు చూపితే చాలు.

రెండోది సరుకు. ఏ సరుకు మీద ముందు నుంచి వాడారో ఆ సరుకుకే ఈ రక్షణ. పచ్చళ్లు 2011వి. పొడులు 2018వి. అంటే వాళ్ల 2014 నిలబడితే పొడులకు ఈ సెక్షన్ ఆసరా దొరకదు. పచ్చళ్ల మీద వచ్చిన మంచిపేరు పొడులకూ వర్తిస్తుందని వాదించవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోలేం. వాళ్ల 2014 నిలబడకపోతే మాత్రం పొడులు కూడా గట్టెక్కుతాయి.

మూడోది మనిషి. వాడినవాళ్లు, లేదా వాళ్ల నుంచి హక్కు పొందినవాళ్లు మాత్రమే ఈ మాట చెప్పుకోగలరు. 2011లో వాడింది మీ అమ్మగారు. మీ తమ్ముడికి ఆమె నుంచి హక్కు వచ్చినట్టు ఒక్క కాగితం ముక్క లేదు. అతని పేరున దరఖాస్తు ఉండటం వల్ల అతను యజమాని అయిపోడు.

ఇప్పుడు ఆ 2023 దరఖాస్తును దగ్గరగా చూడండి. మీరు పంపిన నకలులో మూడు చోట్ల తప్పు కనబడుతోంది. దరఖాస్తుదారు తమ్ముడు. వాడకం గడిలో ‘వాడబోతున్న మార్కు’ అని ఉంది, పన్నెండేళ్ల వాడకం ఉండగా. క్లాసు 30 ఒక్కటే. మసాలాలు, పొడులు 30లో వస్తాయి. పచ్చళ్లు 29లో వస్తాయి. అంటే మీకు గట్టి పట్టున్న పచ్చళ్లకు అసలు దరఖాస్తే లేదు, పట్టు సందేహంగా ఉన్న పొడులకు మాత్రమే ఉంది. ఏజెంట్లు ‘వాడబోతున్న’ అని ఎందుకు కొడతారంటే, వాడుతున్నామని రాస్తే ట్రేడ్‌మార్క్ నియమావళి 25వ నిబంధన ప్రకారం అఫిడవిట్, పాత బిల్లులు జతచేయాలి. అవి అడిగి తెప్పించే ఓపిక లేక సులువైన గడి నొక్కేస్తారు. తర్వాత సరిదిద్దుదామంటే 37వ నిబంధన అడ్డొస్తుంది, వాడకం గురించిన ప్రకటనను మార్చనివ్వరు. ఆ ఒక్క మాటను అవతలి లాయరు ప్రతి కాగితంలోనూ ఎత్తి చూపుతాడు, సిద్ధంగా ఉండండి. అది ఏజెంటు పొరపాటని, మా అసలు వాడకం ఇదని అఫిడవిట్‌లో ముందే చెప్పుకుంటే దెబ్బ కొంత తగ్గుతుంది. దాచిపెట్టి దొరికిపోతే తిప్పుకోలేరు.

అందుకని ఈ వారంలోనే, ఏ నిర్ణయానికీ ముందు, ఒక పని చేయండి. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైటులో అవతలివాళ్ల దరఖాస్తు నంబరు కొడితే వాళ్లు అప్పుడు దాఖలు చేసిన కాగితాలు కనబడతాయి. డబ్బు కట్టక్కర్లేదు. అందులో రెండు చూడాలి. ఒకటి, 2014 వాడకానికి పెట్టిన అఫిడవిట్, దాని వెనక జతచేసిన బిల్లులు. బిల్లులన్నీ 2019వే అయితే మీ పొడుల సంగతి మారిపోతుంది. రెండోది, వాళ్ల దరఖాస్తును పరిశీలించి అధికారి ఇచ్చిన పరీక్ష నివేదికకు వాళ్లిచ్చిన జవాబు. అప్పట్లో అధికారి ఇలాంటి పేర్లు వేరేవాళ్లకు ఉన్నాయని అడ్డు చెప్పి ఉంటే, ‘ఇది ఆడవాళ్లకు మామూలుగా ఉండే పేరు, ఎవరికీ సొంతం కాదు, మా లేబుల్ మొత్తంగా వేరు’ అని వాళ్లే రాసి ఉండవచ్చు. అలా రాసి ఉంటే ఇప్పుడు ఆ పేరు మొత్తం మాదే అనడం వాళ్లకు కష్టం. ఇలాంటి కేసుల్లో సగం మందుగుండు అవతలివాళ్ల పాత జవాబుల్లోనే దొరుకుతుంది, చాలామంది తెరిచి చూడరు.

2025 ఆగస్టులో బ్లెండర్స్ ప్రైడ్, లండన్ ప్రైడ్ మద్యం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి మీకు ఎవరో పంపారన్నారు. మార్కును ముక్కలు చేసి కాకుండా మొత్తంగా చూడాలని, ‘ప్రైడ్’ లాంటి మామూలు మాట మీద ఒకరికే గుత్త హక్కు ఉండదని అందులో చెప్పారు. మీకు ఉపయోగపడేది కొంతే. ‘రుచులు’ అన్న మాట ఎవరి సొత్తూ కాదు, అంతవరకు నిజం. కానీ మీ సీసా మీద కళ్లు పడేది అమ్మగారి పేరు మీద, వాళ్ల సీసా మీదా అదే పేరు మీద. రెండూ పచ్చళ్లే. అక్కడ ఆ తీర్పు పెద్దగా ఆదుకోదు.

అమ్మగారి మాటకు మాత్రం చట్టంలో చోటుంది. 35వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి తన సొంత పేరును నిజాయితీగా తన వ్యాపారానికి వాడుకుంటుంటే రిజిస్టరైన మార్కు యజమాని అడ్డుపడలేడు. గమనించారా, ‘తన’ పేరు. ఆమె వ్యాపారం ఆమె పేరుతో నడిస్తే ఈ రక్షణ గట్టిది. జీఎస్టీ, దరఖాస్తు, కవరు మీద తయారీదారు పేరు అన్నీ కొడుకువైతే పలచబడుతుంది.

ఇక్కడే మీ ఇంటి విషయంలోకి రాక తప్పదు. మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, పేరు అమ్మగారిదని ఒప్పుకుని ఆమె పేరున కొత్త దరఖాస్తులు పెట్టడం. టీఎం-ఎ ఫారానికి ఆన్‌లైన్‌లో వ్యక్తికి క్లాసుకు 4,500 రూపాయలు, రెండు క్లాసులకు 9,000. రెండూ ఒకే దరఖాస్తులో పెడితే రుసుము తగ్గదు, పైగా ఒక క్లాసుకు అభ్యంతరం వస్తే రెండోది కూడా దాంతో పాటే ఇరుక్కుంటుంది. విడివిడిగా పెట్టండి. 29కి 2011 నుంచి, 30కి 2018 నుంచి వాడకం అని అఫిడవిట్‌తో రాయండి. ఒడిశావాళ్లు కాబట్టి అది కోల్‌కతా రిజిస్ట్రీకి వెళ్తుంది, విచారణలు వీడియోలో జరుగుతాయి, అందుకోసం కోల్‌కతా పరిగెత్తనక్కర్లేదు. ఈమెయిల్ గడిలో మీ సొంత ఐడీ ఇవ్వండి. పరీక్షాధికారి అవతలివాళ్ల మార్కును చూపించి అడ్డు చెప్పడం ఖాయం. దానికి నెల రోజుల్లో ముందువాడకం రుజువులతో జవాబు ఇవ్వాలి. తమ్ముడికి ‘2019 నుంచి నా అనుమతితో, నా అజమాయిషీలో వాడుతున్నాడు, ఇకపైనా వాడతాడు’ అని అమ్మగారు లైసెన్సు పత్రం రాసివ్వాలి. దాని మీద ఈనాటి తేదీయే వేయండి. 2019 తేదీ వేసి పెడదామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. స్టాంపు కాగితం వెనక కొన్న తేదీ ఉంటుంది, అక్కడే దొరికిపోతారు, దాంతో నిజమైన కాగితాలు కూడా అనుమానంలో పడతాయి.

రెండోది, పేరును, దాని మంచిపేరుతో సహా, అమ్మగారు తమ్ముడికి రాతపూర్వకంగా బదలాయించడం. అప్పుడు ఆమె నుంచి హక్కు పొందినవాడిగా అతను 2011 చెప్పుకోగలడు. కానీ రాసిచ్చాక అది అతని ఆస్తి. రేపు అమ్మగారు వేరే పచ్చడి పెట్టుకుంటానన్నా అతన్ని అడగాలి, మీకూ అందులో వాటా ఉండదు. 35వ సెక్షన్ ఆసరా కూడా అంత గట్టిగా ఉండదు. మూడోది, మీరు, అమ్మగారు, తమ్ముడు ముగ్గురూ భాగస్వాములుగా ఒక సంస్థ పెట్టి దానికి బదలాయించడం. వాటాలు రాసుకునే ఓర్పు ఉంటే మంచిదే, కానీ నోటీసు చేతిలో ఉండగా వారంలో తేలే పని కాదు. నా మటుకు నాకు మొదటి దారే నచ్చుతుంది. తమ్ముడి సంపాదన ఆగదు, రుజువుల గొలుసు తెగదు. అతను అలిగితే ఒక్క మాట చెప్పండి. అవతలి లాయరు కోర్టులో అతన్ని నిలబెట్టి ‘2011లో మీరేం చేస్తున్నారు’ అని అడిగితే ‘చదువుకుంటున్నాను’ అనే కదా చెప్పాలి.

తమ్ముడి పాత దరఖాస్తు సంగతి. ప్రతివాదన వేయడానికి టీఎం-ఓ ఫారం, ఆన్‌లైన్‌లో 2,700 రూపాయలు. వేస్తే దారి తెరిచి ఉంటుంది. కానీ అందులో ‘మా అమ్మ 2011 నుంచి వాడుతోంది’ అని రాసిన క్షణం ‘మరి నువ్వెలా యజమానివి’ అన్న ప్రశ్న వస్తుంది. పైగా అది నిజమని ధ్రువీకరించి సంతకం చేసే పత్రం. వేయకుండా వదిలేసినా, ఉపసంహరించుకున్నా ముందువాడకం హక్కు పోదు, ఎందుకంటే అది దరఖాస్తు వల్ల పుట్టిన హక్కు కాదు. అయితే అవతలివాళ్లు ‘ఓడిపోయి పారిపోయారు’ అని ప్రచారం చేసుకుంటారు, ఆన్‌లైన్ అంగడికి అది చూపిస్తారు. వాళ్ల 2014 కాగితాలు డొల్లగా కనబడితే ప్రతివాదన వేసి పోరాడటంలో అర్థముంది, ఆ పక్కనే బదలాయింపు సంగతి లాయరుతో తేల్చుకోవాలి. ఆ కాగితాలు గట్టిగా ఉంటే, అమ్మగారి పేరున కొత్తవి దాఖలు చేసిన మర్నాడు దీన్ని ఉపసంహరించుకోవడమే నయం. దాఖలు ముందు, ఉపసంహరణ తర్వాత. వరుస తప్పకండి.

వలయంలో ఆర్ గుర్తు గురించి. రిజిస్టరు కాని మార్కుకు ఆ గుర్తు వేయడం 107వ సెక్షన్ కింద తప్పు. నోటీసులో మూడేళ్ల జైలు అని రాశారు, అది పాత చట్టం. 2023లో వచ్చిన జన్ విశ్వాస్ చట్టం దాన్ని మార్చింది, 2024 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు జైలు లేదు, జరిమానాయే. అమ్మకాల్లో అర శాతం లేదా 5 లక్షలు, ఏది తక్కువైతే అది. మీ నిరుటి అమ్మకాలు 18 లక్షలన్నారు, అంటే లెక్కకు 9,000 రూపాయలు. డబ్బు కన్నా పెద్ద నష్టం వేరే ఉంది. కేసు తేలేదాకా మీ అమ్మకం ఆపాలని కోరే మధ్యంతర ఉత్తర్వు వాదన రోజున ‘వీళ్లు జనాన్ని మోసం చేసే గుర్తు వేసుకున్నారు’ అని అవతలివాళ్లు ఆ కవరునే జడ్జిగారి ముందు పెడతారు. మిగిలిన నాలుగు వేల కవర్ల మీద ఆ గుర్తు పూర్తిగా కప్పేలా చిన్న స్టిక్కరు వేయండి. బరంపురం, గుణుపురం దుకాణాల్లో ఉన్న సరుకుకూ వేయించండి. ఏ రోజు వేశారో ఫొటో తీసి పెట్టుకోండి. టీఎం అన్న రెండు అక్షరాలు వేసుకోవడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

పోలీసు బెదిరింపు. నకిలీ మార్కు వేసి అమ్మడం ఇప్పటికీ నేరమే, అందులో జైలు ఉంది. కానీ 115వ సెక్షన్ ప్రకారం సోదా చేసి సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రావాలి, రావడానికి ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. స్టేషన్ నుంచి ఎవరైనా వస్తే గొడవ పడకుండా ఆ అభిప్రాయం నకలు అడగండి. 2011 లేబుల్ నకలు ఒకటి ఇంట్లో, ఒకటి వంటశాలలో పెట్టుకోండి.

సివిల్ దావా బెదిరింపు మాత్రం ఉత్తిది కాదు. 134వ సెక్షన్ వల్ల వాళ్లు తమ ఊళ్లోనే దావా వేయగలరు, మీరు విశాఖ వెళ్లాల్సి రావచ్చు. వాణిజ్య వివాదాల్లో దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి అని ఎవరో చెప్పగా మీ వారు ధైర్యంగా ఉన్నారన్నారు. వెంటనే ఉత్తర్వు కావాలని కోరితే ఆ మెట్టు దాటి నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు. మార్కు ఉల్లంఘన రోజూ జరుగుతూనే ఉంటే తొందర అందులోనే ఉన్నట్టని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో చెప్పింది కూడా. కాబట్టి ఆ ధైర్యం పనికిరాదు. మీరు చేయగలిగింది కేవియట్ వేయడం, అంటే ‘మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వకండి’ అని ముందే చెప్పుకోవడం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఎ కింద, వాళ్లు దావా వేసే అవకాశమున్న కోర్టులో వేయాలి. తొంభై రోజులే పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేయాలి. అమ్మగారి పేరున, తమ్ముడి పేరున, రెండిటినీ చేర్చి వేయండి.

నోటీసుకు జవాబు క్లుప్తంగా చాలు. ఏ సరుకు మీద ఏ నెల నుంచి వాడుతున్నామో చెప్పి, మీ 2014 వాడకానికి రుజువులు పంపండి అని అడిగి, ఆరోపణలు ఒప్పుకోవడం లేదని రాసి స్పీడ్ పోస్టులో పంపాలి. రుజువు చూపగలిగిన తేదీకన్నా ఒక్క రోజు ముందు తేదీ రాయకండి. ‘పేరు మార్చే ఆలోచనలో ఉన్నాం’ లాంటి మెత్తటి మాట ఒక్కటి కూడా వద్దు. లాయరు ఖర్చు బరువైతే, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 1987 నాటి చట్టం 12వ సెక్షన్లో ఉన్న హక్కు అది. దరఖాస్తు అమ్మగారి పేరున పెట్టండి. ట్రేడ్‌మార్క్ పని తెలిసిన లాయరే దొరకకపోవచ్చు, కానీ కేవియట్‌కు, జవాబుకు సివిల్ లాయరు చాలు.

రాజీ కూడా ఒక దారే, దాన్ని ఓటమి అనుకోకండి. వాళ్లకు అసలు బాధ మీ పర్లాకిమిడి సీసాలతో కాదేమో, ఆన్‌లైన్ అమ్మకంతో అయి ఉండవచ్చు. మీరు పచ్చళ్లకు పేరు ఉంచుకుని, లేబుల్ మీద ‘పర్లాకిమిడి’ పెద్దగా వేసి, రంగులు మార్చి, పొడులకు వేరే పేరు పెట్టుకునేలా ఒప్పందం కుదరవచ్చు. దానికి మూల్యం ఉంది. ఒడిశా జిల్లాలు దాటకూడదని రాస్తే పాతపట్నం, టెక్కలి దుకాణాలు పోతాయి, మీ సరుకులో ఎంత అటు వెళ్తుందో లెక్క తీసుకోకుండా సంతకం పెట్టకండి. ‘మాకు ఈ పేరు మీద ఎన్నడూ హక్కు లేదు’ అన్న వాక్యం వాళ్ల ముసాయిదాలో ఎక్కడో ఇరికించి ఉంటుంది, కొట్టేయించండి.

పేరు మొత్తం మార్చేయడం మీ వారు అనుకున్నంత తేలిక కాదు. కొత్త పేరు రిజిస్ట్రీలో వెతకాలి, కవర్లు, సీసా లేబుళ్లు మళ్లీ వేయించాలి, ఆహార భద్రత రిజిస్ట్రేషన్లో పేరుంటే మార్పించాలి. ఉన్న సరుకు అమ్ముకోవడానికి కనీసం ఆరు నెలల గడువు రాతలో తీసుకోవాలి. అయినా రుజువులు నిజంగానే లేవని తేలితే అదే తెలివైన పని, మొండితనం వద్దు.

అంతా చివరికి మీ ట్రంకు పెట్టె దగ్గరకే వచ్చి ఆగుతుంది. ఏది గట్టి రుజువో చెబుతాను. మీరు రాసుకున్న కాగితం కన్నా పరాయివాళ్లు రాసిన కాగితానికి విలువ ఎక్కువ. 2011లో లేబుల్ అచ్చు వేసిన ప్రెస్ బిల్లు ఉంటే అన్నిటికన్నా మేలు. బిల్లు తడిసిపోతే ప్రెస్‌వాళ్ల బిల్లుబుక్కు కార్బన్ ప్రతి అడగండి. బరంపురం దుకాణదారు ఖాతా పుస్తకంలో ‘2012 జూన్, ఫలానా ఆవకాయ 12 సీసాలు’ అన్న వరస ఉందన్నారు, ఆ పేజీ ఒక్కటే కాదు, ముందు వెనక పేజీలతో పుస్తకమే భద్రం చేయించండి. ప్యాక్ చేసిన నెల, సంవత్సరం ముద్ర ఉన్న పాత లేబుల్ ఎక్కడైనా దొరికితే బంగారం. 2013 ఆహార భద్రత పత్రం మీద అమ్మగారి పేరుతో పాటు ఈ వ్యాపారం పేరు ఉందో లేదో చూడండి, లేకపోతే అది పచ్చళ్లు పెట్టారని చెబుతుంది కానీ ఏ పేరుతో అమ్మారో చెప్పదు. చార్టర్డ్ అకౌంటెంటు చేత అమ్మకాల సర్టిఫికెట్ రాయించుకుంటే చాలనుకోకండి. 2023లో మహారాష్ట్ర సంస్థల దేశీ మద్యం లేబుళ్ల కేసులో సుప్రీంకోర్టు అలాంటి సర్టిఫికెట్‌ను రుజువుగా తీసుకోలేదు, రాసిన అకౌంటెంటును సాక్షిగా పిలవలేదని. 2013 నాటి ఫేస్‌బుక్ ఫొటో, ఫోన్‌లోని ఆర్డర్లు పనికొస్తాయి, కానీ 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య) కూడా రాయాలి. ఆ పాత ఫోన్ అమ్మేయకండి, రీసెట్ చేయకండి. 2014 నుంచి ఇప్పటిదాకా ఏడాదికి రెండు మూడు కాగితాలైనా ఉండేలా చూడండి, ఎడతెగని వాడకం అన్నమాట అక్కడ తేలుతుంది. తిత్లీ తర్వాత కొన్ని నెలలు పని ఆగిందన్నారు, ఎందుకు ఆగిందో అఫిడవిట్‌లో రెండు వాక్యాలు రాయించండి.

ఇంకొకటి. తడిసి అతుక్కున్న బిల్లులను విడదీసి లామినేషన్ చేయిస్తానని రాశారు. చేయించకండి. కాగితం పాతదో కొత్తదో, సిరా అప్పటిదో కాదో పరీక్షించడానికి వీలుండదు, అసలుకే అనుమానం వస్తుంది. నీడలో ఆరబెట్టి, ఒక్కొక్కటీ పలచని తెల్లకాగితాల మధ్య పెట్టి, ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.